తెలుగు చలనచిత్ర ధ్వనిముద్రికలు – వాని చారిత్రక ప్రామాణ్యము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మొదలగు పల్లెలుండిన రాతినేల నేడు హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు ప్రసిద్ధి కెక్కినది. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినది మొదలు ఆ ప్రాంతము కంప్యూటరు విద్యకు నెలవైన సంగతి యెల్లరు నెఱిగినదే. ఆ భవనములకు చేరువనే శిల్పారామమును, దాని ప్రక్కన దాదాపు రెండున్నర వేలమంది కూర్చుండదగిన శిల్పకళావేదికయు గలవు. ఆ వేదికపై చాలకాలము "పాటల విడుదల" యను నుత్సవము జరుగుచు వచ్చెను. మగధీర చిత్రపు పాటలు 2009 జూన్ 28న, అత్తారింటికి దారేది చిత్రపు పాటలు 2013 జూలై 19న అచటనే విడుదలయ్యెను. ఈగ చిత్రపు పాటలు 2012 ఏప్రిల్ 2న గచ్చిబౌలిలోని శాంతిసరోవరమున వెలువడెను. చిత్రమింకను ప్రదర్శనకు రాకమునుపే దాని పాటలను సి.డి. రూపమున ఒక పెద్ద విప్పి చూపుటయు, తొలిప్రతిని మఱియొక పెద్దకు అందించుటయు ఆ సభల మర్యాద. పూర్వము కవి తన కావ్యమును కృతిపతికి సమర్పించిన సభలను ఈ తంతు స్మరణకు తెచ్చుచుండెను.

చిత్రమునుండి పాట విడివడి తానొక వస్తువుగా ఎట్లు నిలిచినది? ఆ వస్తువు నేడేమైనది? సాహిత్యచరిత్ర వ్రాయువానికి దానివలన ప్రయోజనమెంత? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ధ్వనిని పట్టి నిలుపు యంత్రమును 1877లో ఎడిసన్ నిర్మించెను. దానిలో శబ్దము ఒక స్తూపముపై గీతలుగా నెక్కుచుండెను. 1887లో ఎమిల్ బెర్లినర్ చదునైన పళ్లెముపై శబ్దమును గీయు పద్ధతిని కనిపెట్టి, ఒక మాతృకనుండి వేలకొలది ప్రతులు అచ్చొత్తుటకు దారి చూపెను. తాళపత్రమునకును అచ్చుపుస్తకమునకును ఎంత భేదము గలదో స్తూపమునకును పళ్లెమునకును అంత భేదము గలదు. మన దేశమున 1902లో గ్రామఫోను కంపెనీవారి పక్షమున గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగు వారి పాటలను ముద్రించెను. పాట ముగియగనే ఆ గాయని తన పేరును ఆంగ్లమున తానే పలుకుచుండెను. ముద్రికలు జర్మనీలోని హనోవరు నగరమున అచ్చగుచుండుటచే, భారతీయ భాషలెఱుగని అచటి పనివారు చీటీపై పేరు వేయుటకు ఆ పలుకు ఆధారమయ్యెను. మన కావ్యములలో ఆశ్వాసాంతమున కవి తన పేరు చెప్పుకొను గద్య యెట్టిదో ఆ పలుకు అట్టిదే. కర్తృత్వనిర్ణయమునకు గద్య మనకెంత యాదరణీయమో, ముద్రికలపై చీటీయు, దాని చుట్టును చెక్కబడిన సంఖ్యయు అంత యాదరణీయములు.

1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము నెలకొనినపిదప ముద్రికలు ఇచటనే తయారగుట మొదలయ్యెను. లక్కతో రాతిపొడియు మసియు కలిపి యొత్తిన ఈ పళ్లెములను జనులు "గ్రామఫోను ప్లేట్లు" అనిరి. లక్క మన దేశపు సరకే. లోకమునకంతకు నిచటనుండియే అధికముగా పోవుచుండెను. ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల ప్లేటున ఒక వైపున మూడు నిమిషములకు కొంచెము మించిన కాలము మాత్రమే పట్టును. చేజారినచో విఱుగును, ఉక్కుముల్లు పలుమాఱు త్రొక్కినచో అఱుగును. ఈ మూడు లక్షణములును – అల్పకాలము, పెళుసుదనము, అఱుగుదల – ముందు చెప్పబోవు విషయమునకు మూలములు.

చలనచిత్రములు మాటలాడుటకు పూర్వమే తెలుగు నాటకపద్యములు ప్లేట్లకెక్కినవి. రంగస్థలముపై నటుడొక పద్యమును రాగాలాపనతో యథేచ్ఛముగా పెంచి పాడుచుండెను. సభవారు "వన్స్ మోర్" అనినచో మఱల పాడుచుండెను. ప్లేటునందు ఆ విస్తారమునకు చోటు లేదు. ఆలాపన కుదించి, పద్యమును సూటిగా నెత్తుకొనవలసి వచ్చెను. దానికి ప్రతిగా, ముల్లు వెనుకకు పెట్టినంతమాత్రమున "వన్స్ మోర్" శ్రోతచేతికి వచ్చెను. నాటకశాలకు పోజాలని పల్లెవాడును పద్యమును పదిసార్లు విని, నటుని ఉచ్చారణతో సహా కంఠస్థము చేయగలిగెను. చలనచిత్రగీతము ప్లేటునకెక్కునాటికి ఈ వినుకలి మనవారికి అలవడి యుండెను.

తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద. హెచ్. ఎం. రెడ్డి దర్శకుడు, సురభి కమలాబాయి లీలావతి పాత్రధారిణి, పాటలు చందాల కేశవదాసుగారివి. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చాలకాలము అందఱును నమ్మిరి. పత్రికలు వ్రాసినవి, ఉత్సవములు జరిగినవి. రెంటాల జయదేవగారు పరిశోధించి, చిత్రమునకు బొంబాయిలో సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరి 22న లభించినదనియు, 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా థియేటరున చిత్రము విడుదలయ్యెననియు నిరూపించిరి. ధ్రువపత్రమునకు ముందు విడుదల పొసగదు గదా! ఎనుబదియేండ్లైన గడువని విషయముననే నోటిమాట ఇట్లు తప్పినచో, లిఖితమైన సాక్ష్యము లేనిచోట మనమెంత జాగరూకులమై యుండవలెనో ఆలోచింపదగును.

ఈ భక్తప్రహ్లాద చిత్రపు ప్రతి నేడు లభించుట లేదు. తొలిదశాబ్దపు చిత్రములలో ఇట్టివి మఱికొన్ని కలవు. నాటి ఫిలిము నిప్పునకు మిక్కిలి సులభముగా నంటుకొను నైట్రేటు జాతిది. కాలక్రమమున తనంతట చివికి పొడియగును. అట్టి చిత్రముల గీతములకు మిగులు సాక్షులు రెండు: ప్రదర్శనశాలల వాకిట అణాలకు అమ్మిన పాటల పుస్తకము, గ్రామఫోను ప్లేటు. పుస్తకము పదములను చెప్పును, స్వరమును చెప్పదు. ప్లేటు రెంటిని చెప్పును గాని కొంత విడిచి చెప్పును. మూడు నిమిషములలో పట్టని చరణమును తొలగింపవలసి వచ్చెడిది. లేదా పాటను రెండు వైపులకు చీల్చి, నడుమ విఱుపునకు తగినట్లు మార్పు చేయవలసి వచ్చెడిది. కొన్ని పాటలను తెఱకొకసారియు ప్లేటునకొకసారియు వేర్వేఱుగ పాడించుటయు గలదు. కావున చిత్రమునందలి పాఠము, పుస్తకమునందలి పాఠము, ప్లేటునందలి పాఠము – ఇవి మూడు పాఠములు. శతకములకును ప్రబంధములకును ప్రతులను సరిచూచి పాఠనిర్ణయము చేయు మనము, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మల్లీశ్వరి చిత్రమునకు 1951లో వ్రాసిన గీతములకును, సముద్రాల, పింగళి మొదలగువారి గీతములకును ఆ శ్రమ చేయుట మానుట న్యాయము కాదు. సాలూరు రాజేశ్వరరావుగారి స్వరములలో భానుమతి, ఘంటసాల గొంతులతో ప్రజలు విన్నదే ఆ గీతములకు ప్రథమముద్రణము. పుస్తకములలో కనబడునది తరువాతిది.

చీటీపై నున్నదంతయు సత్యమని తలపరాదు. 1949లో విడుదలయైన మహల్ అను హిందీ చిత్రమున లతా మంగేష్కరు పాడిన ప్రసిద్ధగీతపు ప్లేటుపై ఆమె పేరునకు బదులు కామిని యను పాత్ర పేరు మొదట అచ్చయ్యెను. ఆ గొంతెవ్వరిదని శ్రోతలు రేడియోవారిని అడిగిన పిదపగాని అసలు పేరు వెల్లడి కాలేదు. కవి పేరు లోపించుట ఇంతకంటెను సామాన్యము. తాళపత్రమున లేఖకుని పేరుండి కవి పేరు లేని సందర్భములు మన మెఱిగినవే కావున, ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. పరిష్కరించు మార్గమును మన యొద్దనే యున్నది. ఒక చీటీని నమ్మక, అనేక సాక్ష్యములను కూర్చి చూడవలెను.

ప్లేట్లు ఇంటింట నిలువలేదు గాని గాలిలో ప్రతి యింటికిని చేరినవి. 1952లో బి. వి. కేస్కర్ సమాచార ప్రసారశాఖ మంత్రియైన పిమ్మట ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు లేకపోయెను. రేడియో సిలోను ఆ చోటును ఆక్రమించినది. కొలంబోనుండి మీనాక్షి పొన్నుదురైగారు తెలుగుపాటలను వినిపించుచుండగా ఆంధ్రదేశమున వినిన తరము ఇప్పటికిని గలదు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఏర్పడుటతో పాట స్వదేశమునకు మరలెను. ఈ ప్రసారములన్నిటికిని ఆధారము ప్లేటే. ఆ విధముగా మన పాటల ప్లేట్లు సముద్రము దాటిపోయి, స్వదేశమున విఱిగినవి పరదేశమున నిలిచిన సందర్భము లేర్పడినవి. తంజావూరు సరస్వతీమహలున తెలుగు గ్రంథములు నిలిచిన రీతిని ఇది తలపించును.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వినైలు అను క్రొత్త పదార్థముతో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు దీర్ఘధ్వనిముద్రికను, అనగా ఎల్.పి.ని, ప్రవేశపెట్టిరి. ఇది విఱుగదు, గాడులు సన్నములు, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పట్టును. మన దేశమున 78 చుట్ల లక్కప్లేటు సుమారు 1970 వఱకు నిలిచి, పిదప ఎల్.పి.కిని, నాలుగు పాటలు పట్టు చిన్న 45 చుట్ల ముద్రికకును చోటిచ్చెను. ఎల్.పి. రాకతో ఏర్పడిన మార్పు కాలపరిమాణమొక్కటియే కాదు. అంతవఱకు పాట విడిపద్యము. ఇప్పుడు చిత్రపు పాటలన్నియు ఒక క్రమమున, ఒక అట్టలో చేరి ప్రబంధమైనవి. ఘంటసాల గానము చేసిన భగవద్గీత ఆయన 1974 ఫిబ్రవరి 11న దివంగతుడైన పిదప వెలువడి ఆంధ్రదేశమున పారాయణగ్రంథమైనది. శ్లోకమును తాత్పర్యమును వరుసగా వినిపించు అట్టి రచన మూడు నిమిషముల ప్లేటున ఇముడజాలదు. చలనచిత్రములలో 1980 ఫిబ్రవరి 2న విడుదలయైన శంకరాభరణము ఉత్తమ నిదర్శనము. కె. వి. మహదేవన్ సంగీతమునకును, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము, వాణీ జయరాముల గానమునకును జాతీయ పురస్కారములు లభించెను. అందు వేటూరి సుందరరామమూర్తిగారి గీతములతోపాటు భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల కృతులును కలవు. ఎవరి రచన యెంత, చిత్రమునకై చేసిన మార్పు యెంత యని విడదీయుటకు ఆ ముద్రిక పండితులకు మంచి యభ్యాసభూమి.

ఈ సందర్భమున ఇటలీదేశపు పద్ధతిని పరికించిన మన కొఱత స్పష్టమగును. అచటి చిత్రములలో సాధారణముగా పాత్రలు పాడవు. ముద్రికపైకి ఎక్కునది నేపథ్యసంగీతము. ఎన్నియో మొరికోనె (1928–2020) సెర్జియో లియోనె చిత్రములకు కూర్చినది అట్టిదే. 1968 నాటి వారి చిత్రమొకదానికి సంగీతమును ముందుగానే సిద్ధపఱచి, చిత్రీకరణ స్థలమున వినిపించుచు నటులను నడిపించిరి. అచట సంగీతము ముందు, దృశ్యము వెనుక. అట్టి సంగీతము ఎల్.పి.లుగా వెలువడి, దశాబ్దముల పిదపను మూలఫీతులనుండి మఱల అచ్చగుచున్నది. నీనో రోటా విషయము మఱియు ఉపదేశకరము. 1972 నాటి గాడ్‌ఫాదర్ చిత్రపు సంగీతమునకు ఆయన పేరు ఆస్కారు పురస్కారమునకు ప్రతిపాదింపబడి, అందలి ముఖ్యరాగము 1958 నాటి ఫోర్చునెల్లా యను ఇటలీ చిత్రమున ఆయనయే వాడినదని తేలుటచే ఉపసంహరింపబడెను. రెండవ భాగపు సంగీతమునకు మాత్రము ఆయనకు పురస్కారము లభించెను. పూర్వచిత్రపు సంగీతము నిలిచియుండుటచేతనే ఆ పోలిక సాధ్యమయ్యెను. మనయొద్దనో, పాటలు మాత్రమే ప్లేటునకెక్కినవి. పాటకును పాటకును నడుమ వాద్యకారులు సమకూర్చిన నేపథ్యసంగీతము చిత్రపు ప్రతితోనే పుట్టి దానితోనే నశించినది. ప్రతి నశించిన చిత్రముల నేపథ్యసంగీతమును గుఱించి ఒక్క వాక్యమైన ప్రమాణముతో వ్రాయజాలము. ఇటీవల బాహుబలి వంటి చిత్రముల నేపథ్యసంగీతము విడిగా వెలువడుట ఈ కొఱతను కొంత తీర్చుచున్నది.

1963లో ఫిలిప్స్ కంపెనీవారు నిర్మించిన కాసెట్టు 1980 తరువాత మన దేశమున వెల్లువయైనది. చౌకగా దొరకును, ఎవరైనను నకలు తీయవచ్చును. పాటకు వ్యాప్తి పెరిగినది. ప్రతికి ప్రామాణ్యము తగ్గినది. ఏది మూలమో ఏది నకలో చెప్పజాలని స్థితి యేర్పడెను. పిదప సి.డి. వచ్చెను. ఈలోగా చిత్రపరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలి స్థిరపడెను. ఆదిత్య, లహరి మొదలగు సంగీతసంస్థలు పాటల హక్కులను కొని ప్రచురించుచుండెను. మాదాపూరు సభలు పెంపొందిన కాలమిదియే.

ఇచట గమనింపదగినది యొకటి గలదు. విడుదలగు వస్తువు చిన్నదగుకొలది ఉత్సవము పెద్దదగుచు వచ్చెను. ప్లేటు విడుదలకు సభ లేదు. దుకాణమున నొక ప్రకటన చాలెను. సి.డి. విడుదలకు వేలమంది గుమిగూడిరి. 2013 మార్చి 17న నానక్‌రామ్‌గూడలోని రామానాయుడు స్టూడియోలో బాద్షా చిత్రపు పాటల విడుదల జరిగినప్పుడు త్రొక్కిసలాటలో ఒక అభిమాని ప్రాణము కోల్పోయెను. పాట వినుటకు ప్రాణమియ్యవలసిన యవసరము లేదు. అతడు వచ్చినది పాటకొఱకు కాదు, పాడించినవారిని కన్నులార చూచుటకు. 2015 మే 31న హైటెక్స్ ప్రాంగణమున జరుగవలసిన బాహుబలి పాటల విడుదల భద్రతాకారణములచే ఆగి జూన్ 13న తిరుపతిలో జరిగెను. 2016, 2017 ప్రాంతమున సభకు పేరే మాఱినది. పాటలు ఒక్కటొక్కటిగా అంతర్జాలమున ముందే వెలువడుచుండగా, "పాటల విడుదల" పోయి "ప్రీ రిలీజ్ ఈవెంట్" వచ్చెను. విప్పి చూపుటకు వేదికపై వస్తువే లేకపోయెను. 2023లో ఆస్కారు పురస్కారము పొందిన ఆర్.ఆర్.ఆర్. చిత్రపు గీతము, కీరవాణి సంగీతమున, చంద్రబోసు రచనగా, 2021 నవంబరున అంతర్జాలముననే జనులకు మొదట వినబడినది.

ఇందు నష్టమేమని కొందఱు అడుగవచ్చును; మునుపెన్నడు లేనంతగా పాట నేడు సులభముగా లభించుచున్నది గదా యనవచ్చును. లభించుట వేఱు, నిలుచుట వేఱు. ప్లేటు ఒకసారి అచ్చైన పిదప కంపెనీ మూతపడినను ఇంటి అటకమీద నుండును. దానిలోని పాఠమును ఎవ్వరును మార్పజాలరు. అంతర్జాలమునందలి పాటను హక్కుదారు ఒక రాత్రిలో తీసివేయవచ్చును. అభ్యంతరకరమైన పదము నొకదానిని మార్చి, మార్చినట్లు చెప్పకయే నిలుపవచ్చును. పాతపాఠము ఉండెనని చూపుటకు అపుడు మన యొద్ద ప్రమాణమేది? కోట్లకొలది అక్షరములను భద్రపఱచు యంత్రాగారములు హైటెక్ సిటీలో నున్నంతమాత్రమున అవి మనకు గ్రంథాలయములని భ్రమపడరాదు. గ్రంథాలయమునకు పట్టిక యుండవలెను, పాలకుడుండవలెను, పాఠకునకు ప్రవేశముండవలెను.

ఈ నడుమ వినైలు ముద్రిక మఱల ఆదరణ పొందుచున్నది. అమెరికాలో 2022లో వినైలు ముద్రికలు సుమారు 4 కోట్ల 10 లక్షలు, సి.డి.లు సుమారు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడైనవి. 1987 తరువాత వినైలు పైచేయి యగుట అదియే తొలిసారి. ఇది సంతోషకరమే గాని ఒక హెచ్చరిక చేయవలెను. పాతచిత్రపు పాటలను నేటి కంప్యూటరు ప్రతినుండి క్రొత్త పళ్లెమునకెక్కించినచో అది పునర్ముద్రణమే గాని ప్రాచీనప్రతి కాదు. శబ్దమును శుభ్రపఱచుటలో తొలగినదేదో, చేరినదేదో పరిశోధకుడు అడిగి తెలిసికొనవలెను. రూపము పాతదైనంత మాత్రమున సాక్ష్యము పాతది కానేరదు.

కావున విజ్ఞులకు నా మనవి యిది. ఒకప్పుడు మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పెద్దలు ఊరూర తిరిగి తాళపత్రములను సేకరింపకున్నచో మన ప్రాచీనవాఙ్మయమున నెంతభాగము మిగిలియుండెడిదో ఊహింపరాదు. నాడు అవి చెదలపాలగుచుండగా, నేడు లక్కప్లేట్లు పాతసామానుల వర్తకులపాలగుచున్నవి. పాఠశాలల పండితులు తమ గ్రామములలో ప్లేట్లున్న యిండ్లను గుర్తించి, ఒక్కొక్క ప్లేటునకు చిత్రము పేరు, కంపెనీ పేరు, చీటీపై నున్న గాయకుల, కవుల పేర్లు, ముద్రసంఖ్య, రెండు వైపుల పాటల తొలిపదములు ఒక పట్టికలో వ్రాసినచో చాలును. యంత్రము లేకున్నను ఈ పని జరుగును. యంత్రమున్నచోట పాటను విని, పాటల పుస్తకముతో సరిచూచి, భేదములను గుర్తింపవలెను. ఇట్టి పట్టికలను పరిశోధనసంఘములు కూర్చినచో, తెలుగు గీతవాఙ్మయపు గడచిన శతాబ్దమునకు ప్రామాణికమైన సూచి సిద్ధమగును.

శిల్పకళావేదికపై చేతులు మాఱిన సి.డి.లును ఈ పట్టికలో చేరదగినవే. ఆ సభల కోలాహలము అణగినది. వానిలో విప్పబడిన పెట్టె మాత్రము ఎవరి యింటనో యున్నది. ఆ పెట్టె లోపలి కాగితముపై పాటకు ఎదుట కవి పేరు ఉండును. దానిని పదిలపఱచుట మన ధర్మము.